శాంతయ్య ఇల్లు

తుమ్మమొద్దును పొయ్యి నోట్లోకి ఓ తోపు తోసి, శాంతయ్య వెనక్కి జరిగి చంకల్లో చేతులు దోపుకున్నాడు. ముఖం మీద సెగ, వీపు మీద చలి. డిసెంబరులో పొగాకు బేరను దగ్గర కాపలా అంటే అంతే మరి! మనిషి ముందువైపు ఉడుకుతాడు, వెనకవైపు వణుకుతాడు. తెల్లవారిందన్న మాటేగాని, అవతల జగ్గయ్యపేట రోడ్డు మీద లారీలు ఇంకా లైట్లు వేసుకునే పోతున్నాయి.

బేరను అంటే కిటికీల్లేని ఎత్తాటి మట్టిగోడల గది. లోపల నేలబారున రేకు గొట్టాలుంటాయి. బయట పొయ్యిలో మంట వేస్తే ఆ వేడి గొట్టాల వెంట పోయి, పైన కర్రలకు కట్టి వేలాడదీసిన పచ్చాకును పండిస్తుంది. ముందు ఆకు పసుపు తిరుగుతుంది. తరవాత రెక్క ఎండుతుంది. చివర్న ఈనె ఎండాలి. ఆ ఈనె దగ్గరే ఉంది అసలు తంటా అంతా. అది ఎండేదాకా మంట తగ్గకూడదు. తగ్గిందా, ఈనెలో ఉన్న తడి మళ్ళీ ఆకులోకి పాకి, బంగారంలాంటి ఆకు నల్లబడి ఊరుకుంటుంది.

ఈవేళ ఈనె ఎండే రోజు. ఈవేళే సంవత్సరానికి ఆఖరి రోజు కూడాను.

శాంతయ్య పొట్టి మనిషి. కనుబొమలు ఏనాడో సెగకు కమిలిపోయి, మళ్ళీ మొలవడం మానేశాయి. కనురెప్పలు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి, కొత్తవాళ్ళు చూస్తే ఇప్పుడే ఏడ్చి వచ్చాడనుకుంటారు. వేళ్ళకు పట్టిన ఆకు జిగురు ఎంత తోమినా వదలదు. అన్నం ముద్ద కూడా ఓ రవ్వ చేదుగానే లోపలికి పోతుంది. జగన్నాథరావుగారి పొలంలో ఈ బేరను కట్టిన నాటి నుంచీ ఈ పొయ్యి అతనిదే. క్రిస్మసుకు ముందు మంట అంటుకుంటే ఎండాకాలం మొదలయ్యేదాకా ఒక ఆకు దింపడం, ఇంకో ఆకు ఎక్కించడం. పండగ పూట పొద్దున్నే గుళ్ళో మొహం చూపించి, పాట అవకముందే మళ్ళీ ఇక్కడికి పరిగెత్తుకొచ్చేవాడు.

పండగంటే సరే, ఎలాగో గడిచిపోయేది. చిక్కంతా ఈ ఆఖరి రోజు ప్రార్థన కూడికతోనే.

పాస్టరుగారు నందిగామ నుంచి సైకిలు మీద వస్తారు. ఆయన చేతికింద పేటలు చాలా ఉన్నాయి. అర్ధరాత్రికి అన్నిచోట్లా ఉండలేరు గదా! అందుకని ఈ పేటకు దీపాలవేళ కూడిక పెట్టి, ప్రార్థన ముగించి, ఇంకో పేటకు పోతారు. లోకమంతా అర్ధరాత్రి మారే సంవత్సరం శాంతయ్య పేటలో పొద్దుగూకుతూనే మారిపోతుంది. ప్రార్థన చివర పాస్టరుగారు ఒక్కో ఇంటినీ పేరుపెట్టి పిలుస్తారు. "ఫలానావారి ఇల్లు" అనగానే మగవాళ్ళ వైపు నుంచి మగవాళ్ళు, ఆడవాళ్ళ వైపు నుంచి ఆడవాళ్ళు, పిల్లామేకా అందరూ లేచి నిలబడతారు. ఇంటిపెద్ద ఒక మాట చెబుతాడు. ఏడాదంతా కాపాడినందుకు దేవుడికి వందనాలు చెప్పి కూచుంటారు.

"శాంతయ్య ఇల్లు" అన్నప్పుడు ఏటేటా ఒక్క సౌభాగ్యమ్మే లేచేది. మగవాళ్ళ వైపు ఎవరూ లేచేవారు కాదు. మొగుడు బతికుండగానే ముండమోసినదానిలా నిలబడాల్సి వస్తోందని ఒకసారి ఏడ్చింది కూడా.

"ఒక్క ఏడు రావయ్యా. నా పక్కన కూచోమన్నానా? ఆ పక్కన లేచి నిలబడితే చాలు," అనేది.

"దొర వదలడే. ఈనె ఎండే ఆకు మీదున్నా. వచ్చే ఏడు తప్పకుండా వస్తా," అనేవాడు.

ఆ వచ్చే ఏడు రానేలేదు. ఈసారి సౌభాగ్యమ్మ అడగనే లేదు. చలి మొదలైన దగ్గర్నుంచీ ఆమెకు ఆయాసం. బిందె ఎత్తితే ఆయాసం, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. బస్సెక్కించి నందిగామ తీసుకెళ్ళాడు. డాక్టరు గుండె విని, మాత్రలిచ్చి, శాంతయ్యను వరండాలోకి పిలిచి గుండె బాగా నీరసించిందనీ, బరువులు మోయనివ్వొద్దనీ, కనిపెట్టుకుని ఉండమనీ చెప్పాడు. తిరిగొచ్చే బస్సులో సౌభాగ్యమ్మ అతని భుజం మీద తల ఆనించి నిద్రపోయింది. 'వచ్చే ఏడు' అన్న మాట శాంతయ్య గొంతులో ఆ రోజే అడ్డం పడింది. ఈ ఏడు కూడిక తప్పిపోతే మరి ఆమెకు ఇంకో కూడిక ఉంటుందో లేదో!

అందుకే వెళ్ళి తీరాలనుకున్నాడు. కాని ఆమెకు మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్ళూ మాటిచ్చి తప్పిన నోటితో మళ్ళీ మాటివ్వడానికి సిగ్గేసింది. నోటితో చెప్పడమెందుకు, గుళ్ళో నిలబడితే కళ్ళతోనే చూస్తుందిగా అనుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం జగన్నాథరావుగారు గొడుగేసుకుని వచ్చారు. గోడలో బిగించిన చిన్న అద్దంలోంచి లోపలి థర్మామీటరు చూసి, "బావుందిరా రంగు," అన్నారు. శాంతయ్య తలపాగా తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ఏమని అడగాలో, కాదంటే ఏమని బతిమాలాలో పొద్దుటి నుంచీ లోపల్లోపలే వల్లెవేసుకుంటున్నాడు.

"దొరగారూ, సాయంత్రం కాసేపు గుడికి పోయొస్తానండి. మా మేనల్లుణ్ణి కూచోబెడతా. సాగర్ డ్యాం పని నుంచి పండక్కొచ్చాడు. మంటెయ్యడం తెలుసండి వాడికి."

"పోయిరా. దానికేం?"

శాంతయ్య తెల్లబోయాడు. వల్లెవేసుకున్నదంతా నోట్లోనే ఉండిపోయింది.

"ఈనె ఎండే రోజండి..." అన్నాడు, తనే అడ్డం చెప్పుకుంటున్నట్టు.

జగన్నాథరావుగారు నవ్వారు. "తెలుసులేరా. నువ్వొక్కడివే పుట్టావా మంటెయ్యడానికి? ఇన్నేళ్ళలో ఒక్కనాడన్నా నోరు తెరిచి అడిగావా? అడిగితే వద్దంటానా? నీకే ఈ పొయ్యి వదలబుద్ధి కాదనుకున్నా నేను."

ఆయన గొడుగు గట్టు దాటిపోయేదాకా శాంతయ్య అట్లాగే నిలబడి, తరవాత మొద్దు మీద కూలబడ్డాడు.

ఎంత పని జరిగింది! దొర వదలడు, దొర వదలడు అని ఇన్నేళ్ళూ పెళ్ళానికి చెప్పాడు. దొరను అడిగిందెప్పుడు? అబద్ధం చెప్పాలని చెప్పలేదు, అదే నిజమని తనూ నమ్మాడు. ఇప్పుడు తీరుబడిగా తవ్వి చూసుకుంటే అడుగున రెండు సంగతులు కనపడ్డాయి. ఒకటి, తను లేకపోతే ఆకు పాడైపోతుందన్న గొప్ప. లోకంలో తనను కావాలనుకునేది ఈ పొయ్యి ఒక్కటేనన్నట్టు దీన్నే పట్టుకు వేళ్ళాడాడు. రెండోది సిగ్గు. వాళ్ళకు పుట్టినవాళ్ళెవరూ నిలవలేదు. ఒక్కో ఇంటి పేరు పిలిస్తే నలుగురూ అయిదుగురూ లేచేచోట, ఈ చివర తనూ ఆ చివర ఆమే లేస్తే మధ్య ఎంత ఖాళీ! అది పదిమందిలో చూపించుకోలేక ఇక్కడ దాక్కున్నాడు. ఆమె మాత్రం ఏటేటా లేచింది. ఇద్దరి సిగ్గూ ఒక్కతే మోసింది.

"ఛీ, నీ బతుకు చెడ!" అని తనను తాను తిట్టుకుని, లేచి పొయ్యిలో మొద్దు ఎగదోశాడు.

పొద్దు వాలుతుండగా మేనల్లుడు కొండలరావు వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, రాయి మోసి మోసి భుజాలు కాయలు కాసినవాడు. మావయ్య చెప్పినట్టే తెల్లచొక్కా అత్త కంటపడకుండా కండువాలో చుట్టుకొచ్చాడు.

"మంట తగ్గనీకు. అట్టాగని ఎగదొయ్యకు. అద్దంలో చూస్తా ఉండు," అన్నాడు శాంతయ్య.

"పో మావా, ఇది పొయ్యేగా! పసిపిల్లని అప్పజెప్పినట్టు చెప్తావేంది?"

శాంతయ్య అటునుంచటే చేలకడ్డంపడి దొరగారి మోటబావి దగ్గరికి పోయాడు. ఇటికముక్కతో వేళ్ళు ఎర్రబడేదాకా రుద్దుకున్నాడు. చన్నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంటే ఒళ్ళు ఝల్లుమంది. చొక్కా తొడిగాడు. పెట్టెలో ఉండి ఉండి కలరా ఉండల వాసనేస్తోంది. కనుబొమలు లేని ముఖాన్ని తడిచేత్తో తుడుచుకుని, బావి వైపు దారినే గుడికి నడిచాడు. పెళ్ళిచూపులకు పోయిన రోజు కూడా ఇంత బెరుగ్గా లేడు.

గుళ్ళో పెట్రోమాక్సు లైటు అప్పుడే వెలిగించారు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, ఈతచాపల మీద. శాంతయ్య గుమ్మం దగ్గరే చాప అంచున కూచుని ఆడవాళ్ళ వైపు చూశాడు. స్తంభం పక్క సౌభాగ్యమ్మ కూచునేచోట ఎవరూ లేరు. పక్కింటి పుల్లమ్మ అతన్ని చూసి నోరు నొక్కుకుని, గుమ్మం దాకా వచ్చింది.

"ఓయమ్మ! నువ్విక్కడున్నావా అన్నా? వదిన నీ దగ్గరికేగా పోయింది, బువ్వ మూట కట్టుకుని! ఈ ఏడు ఒంటిగా లేవలేను పుల్లమ్మా, ఆయన దగ్గరే కూచుంటా అంది. మోయొద్దంటే విన్లా. మెల్లిగా పోతాలే అంది."

ఇంటిదారిన ఆమె అటు పోయింది, బావిదారిన తను ఇటు వచ్చాడు. శాంతయ్య లేవబోయాడు. అంతలో గంట మోగింది, పాట ఎత్తుకున్నారు. తను వెళ్ళిపోతే పేరు పిలిచినప్పుడు ఇటూ అటూ ఎవరూ లేవరు. తాళం పెట్టిన కొంప మాదిరి ఇల్లు దాటిపోతుంది. ఇన్నేళ్ళూ ఆమె ఒక్కసారన్నా అట్లా దాటిపోనివ్వలేదు. మళ్ళీ కూచున్నాడు.

పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. కుడివైపు లేచారు, ఎడమవైపు లేచారు. చంటిపిల్లల్ని చంకనేసుకుని లేచారు.

"శాంతయ్య ఇల్లు."

పాస్టరుగారు అలవాటు చొప్పున ఆడవాళ్ళ వైపు చూశారు. శాంతయ్య లేచాడు. తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఆడవాళ్ళ వైపు ఎవరూ లేవలేదు. ఆ నిలబడ్డ కాసేపు అతనికి గుడి మహా పెద్దదైపోయినట్టు, అందరూ తన ఒంటరి కాళ్ళనే చూస్తున్నట్టు అనిపించింది. ఇదన్నమాట ఆమె ఏటేటా పడింది!

"దేవుడికి వందనాలండి," అన్నాడు. ఇంకేం చెప్పాలో తోచలేదు. "మేం ఇద్దరం ఉన్నామండి."

కూచున్నాడు. ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు తల ఊపి పక్క ఇంటి పేరు పిలిచారు.

కూడిక అవడమే తడవు శాంతయ్య చేలగట్టున పడ్డాడు. చలి తెలియలేదు. ఏళ్ళ తరబడి లేని హుషారు వచ్చింది. పోగానే ఏమనాలి? 'లేచానే' అనాలి. దొరను అడగనే లేదని కూడా చెప్పేయాలి, తిట్టినా సరే. దూరాన పొయ్యి ఎర్రగా కనపడుతుంటే అది మొదటిసారి ఇంట్లో పొయ్యిలా తోచింది.

కొండలరావు ఎదురొచ్చి గొంతు తగ్గించాడు. "అత్త నిద్రపోయింది మావా, లేపలా. వచ్చినప్పుడు బాగా ఆయాసపడింది. నువ్వు గుడికి పోయావంటే నమ్మలా ముందు. తరవాత ఒకటే నవ్వు! గంట వినపడితే, ఇంకాసేపటికి లేస్తాడ్రా మీ మావ, మాట్టాడతాడో లేదో అనుకుంటా కళ్ళు మూసింది."

సౌభాగ్యమ్మ శాంతయ్య గోనెపట్టా మీద, అతను రోజూ కూచునేచోటే, బేరను గోడకు ఆనుకుని కూచుంది. పమిట తలమీదుగా కప్పుకుంది. తల ఒకవైపు వాలి ఉంది. ముఖం మీద మంట వెలుగు ఆడుతోంది. శాంతయ్య చప్పుడు కాకుండా పక్కన చతికిలబడ్డాడు.

"లేచానే," అన్నాడు. "మాట్టాడా కూడా. ఇద్దరం ఉన్నామని చెప్పా."

ఆమె పలకలేదు. అలిగిందేమో అనుకున్నాడు. అలగదా మరి, ఇన్నేళ్ళు చేసినదానికి!

"దొర కాదన్లేదే ఎప్పుడూ. నేనే అడగలా," అని ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. ఒడిలో ఉన్న రెండో చెయ్యి అందుకున్నాడు. అది మంటకు అవతలి వైపుది. చల్లగా ఉంది. మళ్ళీ మొదటి చెయ్యి పట్టుకున్నాడు. ఆ వెచ్చదనం ఆమెది కాదు, పొయ్యిది.

శాంతయ్య ఆ చెయ్యి వదలకుండా కూచున్నాడు. అతని ముఖం చూసిన కొండలరావుకు సంగతి తెలిసి, "అత్తా!" అని పెద్దగా ఏడుస్తూ పేటలోకి పరిగెత్తాడు. గుళ్ళోంచి ఇళ్ళకు పోతున్నవాళ్ళు ఆ కేకకు ఆగిపోయినట్టున్నారు, మాటలు ఒక్కసారిగా అణిగిపోయాయి.

మంట తగ్గుతోంది. శాంతయ్య లేచి పెద్ద మొద్దు ఏరి పొయ్యిలోకి తోశాడు. ఈనె సంగతి అతనికి గుర్తే లేదు. ఆమె ఆనుకున్న గోడ చల్లబడకూడదు, అంతే.

తిరిగి కూచుంటుంటే కాలికి బువ్వ మూట తగిలింది. ముడి విప్పాడు. అన్నం గిన్నె మీద ఒకదాంట్లో ఒకటి రెండు సత్తు కంచాలు. పైది రోజూ బేరను దగ్గరికి వచ్చే అతని సొట్ట కంచం. కిందిది, ఎన్నడూ ఇంటి గడప దాటని సౌభాగ్యమ్మ కంచం.