ఎంగిలి చూసిన కన్ను

రెప్ప లేని ఒంటికన్నును నేను. మీరు వెబ్ కెమెరా అంటారు. నన్ను బిగించిన చేతులెవరివో చూడకముందే పెట్టెలో పడ్డాను. మొదటి కొలువు ఒక పరీక్షా కేంద్రంలో. అక్కడ తల దించితే ఆలోచన, తల తిప్పితే నేరం. అది మూతపడ్డాక ఒక విశ్వవిద్యాలయంలో, ఆచార్య రంగనాయకిగారి తరగతికి చేరాను. ప్రపంచ సంస్కృతులు ఆమె పాఠం. వారానికోసారి మా పిల్లలు నా ఎదుట కూర్చుని అర్జెంటీనాలోని ఒక తరగతితో కలిసి చదివేవారు. ఒక వారం వాళ్ల ఆచారం, మరు వారం మనది. మన వంతు రాగానే పట్టుచీరలు, పళ్లెం నిండా పిండివంటలు. మనుషులు తమ సంస్కృతిని చూపే ముందు ఇస్త్రీ చేస్తారు.

ఒక సాయంత్రం పక్కగోడ తెర మీద అక్కడి లూసియా చిన్న సొరబుర్రలో టీలాంటి ఎండుటాకు వేసి, వేడినీళ్లు పోసి, లోహపు గొట్టంతో పీల్చింది. మళ్లీ నీళ్లు పోసి పక్కవాడికిచ్చింది. అతనూ అదే గొట్టంతో పీల్చాడు.

"ఛీ, అందరి ఎంగిలీ," అని మూతి ముడిచింది మా వైదేహి.

మాట అర్థం కాకపోయినా మూతి అర్థమైంది. లూసియా సొరబుర్రను బల్ల కిందికి దించేసింది. "మేమంటే అసహ్యమా? వచ్చే వారం రావాలో వద్దో ఆలోచిస్తాం," అంది ఇంగ్లీషులో. తెర నల్లబడింది.

"నేనేమీ తిట్టలా మేడమ్. ఇంట్లో నేర్పిందేగా," అని గొణిగింది వైదేహి.

"వాళ్లను ఒక్కసారి రమ్మని బతిమాలుకుంటాను. సారీ చెప్పి, ముగ్గుల గురించి మాట్లాడదాం," అన్నారు రంగనాయకిగారు.

వెనక బెంచీలోంచి ఎస్తేరు లేచింది. ఆమె గొంతు అంతవరకు నేనెరగను. "ముగ్గులొద్దు మేడమ్. ఎంగిలి గురించే నేను చెప్తాను."

"ఇంటి గుట్టు వీధిలో పెడతావా ఏంటే?" అంది వైదేహి.

"గుట్టు మీది. వీధిలో ఉన్నది మేమేగా."

"వాళ్లు మనల్నేమనుకుంటారమ్మా?" అన్నారు మేడమ్.

"ఇప్పటికే అనుకున్నారు మేడమ్. తెలుసుకుని అనుకోనీయండి."

మరు వారం వాళ్లు తెర మీదికి వచ్చారు. లూసియా చేతులు కట్టుకుని కూర్చుంది. ఎస్తేరు రోజూ కట్టే బట్టల్లోనే నా ఎదుట నిలబడింది.

"ఒకరి నోరు తగిలినది మేం మరొకరికి ఇవ్వం. ఇంట్లోవాళ్లమైనా పెదవి తగలకుండా సీసా ఎత్తిపట్టి తాగుతాం. అది మీ మీద అసహ్యం కాదు. అయితే అక్కడితో ఆపితే సగం అబద్ధమవుతుంది. మా తాతకు టీకొట్టులో వేరే గ్లాసు ఉండేది. తాగి, తనే కడిగి, బయట చూరులో పెట్టేవాడు. ఆయన తాగకముందే అది ఎంగిలి."

లూసియా కట్టుకున్న చేతులు విప్పింది. "మా సొరబుర్ర చుట్టూ కూర్చున్న అందరికీ అందుతుంది," అంది. "మా ఇంట్లో పనిచేసే ఆమెను మాత్రం ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అడగలేదు."

ఎస్తేరు సీసాకు నోరానించి నీళ్లు తాగింది. "ఇటివ్వవే," అంటూ వైదేహి చెయ్యి చాపింది. వైదేహి సీసా అందుకుంది, తల వెనక్కి వాల్చింది, ఎత్తిపట్టి తాగింది. తానేం చేసిందో తాగాక గాని ఆమెకు తెలియలేదు.

"అలవాటే... కావాలని కాదు," అంది, ముఖం వాడిపోయి.

"తెలుసు." ఎస్తేరు సీసా తీసుకుని మూత బిగించి, లూసియాకూ అర్థమయ్యేలా ఇంగ్లీషులో అంది. "అందుకే వచ్చే వారం కూడా నేనే చెప్తాను."

"మేం వస్తాం," అంది లూసియా.

ఇప్పుడు నా అద్దం మసకబారింది. కొత్తది తెస్తారట, తేనీయండి. ఎస్తేరు ఇంకా చెబుతూనే ఉంది.