వంగని అట్టగోడలు

మాలతి కట్టిన అట్ట రైల్వే స్టేషన్ మొదటిసారి వంకర తిరిగింది నలుగురి ముందే. రాయపూర్‌లో ఏటా ఆగస్టులో జరిగే మోడళ్ళ ప్రదర్శనకి ఎంతో మోజుగా తీసుకెళ్ళింది. బయట ముసురు పట్టింది. మధ్యాహ్నానికల్లా టికెట్ల గది గోడ లోపలికి వంగి, మూల అతుకు ఊడి, వేలు దూరేంత సందు పడింది. నిర్వాహకుడు ప్రేమ్‌చంద్ దాన్ని అందరికీ చూపించి, "మేడమ్, కాగజ్ తో కాగజ్ హీ హై" అన్నాడు. కాగితం ఎంతైనా కాగితమేనట. చెక్క ఓడల వాళ్ళూ, ప్లాస్టిక్ విమానాల వాళ్ళూ నవ్వారు. మాలతి దాన్ని ఇంటికి తెచ్చుకుంది.

ఆమెది ఊళ్ళోనే, టాటీబంధ్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఉద్యోగం. భర్త పేరు పరదేశి, రైల్వేలో గార్డు, వారంలో సగం బండి మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్తగారు పార్వతమ్మ. శ్రీకాకుళం నుంచి కాపురానికొచ్చి జుట్టు నెరిసినా ఆవిడ యాస మారలేదు. మధ్యమధ్య హిందీ చేరిందంతే.

మరుసటి ఏడు కోడలు అదే స్టేషన్ అట్టల కిట్ మళ్ళీ తెప్పించేసరికి ఆవిడ నుదురు కొట్టుకుంది. "మళ్ళీ అదేనేటే? ఓపాలి పరువు పోనాది కదా, ఛోడ్ దే, వదిలెయ్యే!"

"అందుకే మళ్ళీ కడతన్నాను అత్తా."

ఈసారి మాలతి తొందరపడలేదు. క్రితంసారి నీళ్ళ జిగురు గోడకి ఒకవైపే పూసింది, రంగూ ఒకవైపే వేసింది. ఒక పక్క బిగుసుకుని రెండో పక్క ఊరుకుంటే అట్ట వంగక ఏం చేస్తుంది? ఇప్పుడు మందపు అట్టకి ముందు ఎంత కాగితం అంటించిందో వెనకా అంతే అంటించి, పూర్తిగా ఆరేదాకా బరువు కింద పెట్టింది. ఆరాక, అతుకులు వచ్చే అంచులు వదిలేసి రెండు వైపులా పల్చగా వార్నిష్ కొట్టింది. గోడలు నిలబెట్టేటప్పుడు లోపల అడ్డుపట్టీలు వేసింది.

"ఒలే, నా రోలు పొత్రం ఏదే?" అని వంటింట్లోంచి పార్వతమ్మ కేక.

"టికెట్ల గది గోడ మీదుంది. రేపటిదాకా కదపకు!"

మూలల్లో సందులున్నచోట జిగురు కుక్కలేదు. అదే అట్ట నుంచి సన్నటి పీలికలు కోసి దూర్చింది. ఇంకా వెంట్రుకవాసి మిగిలితే, టిష్యూ కాగితం జిగురుతో మెత్తగా నలిపి సూదిమొనతో నింపింది. కోసినచోట తెల్లగా కనబడే అంచులకి ఇటుకరంగు అద్దింది. సణుగుతూనే పార్వతమ్మ కళ్ళజోడు పెట్టుకుని పక్కన చేరింది. "ఇదిగో, ఇక్కడ ఇంకా తెల్లగుంది చూడు" అని వేలు పెట్టి చూపించడం ఆవిడ పనయింది.

ప్రదర్శన నాడూ వానే. ఇద్దరూ ఆటోలో మోడల్‌ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళారు. ప్రేమ్‌చంద్ గుమ్మంలోనే ఎదురొచ్చి, కాగితం బొమ్మలు అక్కడే అన్నట్టు పిల్లల గదివైపు చెయ్యి చూపించాడు. మాలతి అటు చూడనైనా చూడకుండా నేరుగా పెద్ద హాల్లోకి నడిచి, ఓడలకీ విమానాలకీ మధ్య ఖాళీగా ఉన్న బల్ల మీద స్టేషన్ పెట్టింది.

"కాగితం పనికిరాదని మీ నియమాల్లో ఎక్కడుంది?" అని హిందీలో అడిగింది.

"మళ్ళీ వంగిపోతే?"

"వంగితే ఇక్కడే వంగనీండి. అందరూ చూస్తారు."

అతను బల్ల తీయించడానికి ఇద్దరు పనివాళ్ళని పిలిచాడు. అప్పుడు పార్వతమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, బల్ల కాలు గట్టిగా పట్టుకుంది. "నహీ హటేగా! పహలే మేరే కో హటావ్!" ముందు తనని తియ్యమంది. పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కి తగ్గారు.

రోజంతా చెమ్మగాలి తగులుతూనే ఉంది. వచ్చినవాళ్ళతో మాట్లాడుతున్నా మాలతి చూపు గోడల మీదే. గోడలు బద్దపెట్టి గీసినట్టు నిలబడ్డాయి. సాయంత్రం మాత్రం ప్లాట్‌ఫారం కప్పు చివర కొద్దిగా లేచింది.

"దేఖా?" అన్నాడు ప్రేమ్‌చంద్, దొరికావన్నట్టు.

మాలతి దానికి చెయ్యి అడ్డం పెట్టలేదు. "చూశాను. మీరూ చూడండి" అంటూ సంచిలోంచి జిగురూ అట్ట పీలికా తీసింది. చుట్టూ మూగినవాళ్ళ ముందే సందులో పీలిక దూర్చి, అంచు నొక్కి పట్టుకుని, అది అతుక్కునేదాకా అలాగే నిలబడింది.

చివర్లో బహుమతులు ప్రకటించారు. పిల్లల విభాగంలో ప్రోత్సాహక బహుమతి అంటూ ప్రేమ్‌చంద్ మాలతి పేరు చదివాడు. ఆమె వేదిక ఎక్కి, షీల్డు తీసుకుని మైకు అందుకుంది.

"ఇది పిల్లల్లో ఎవరికైనా ఇవ్వండి, వాళ్ళకి రావలసింది. నేను పెద్దవాళ్ళతో పోటీపడి ఓడిపోయాను. అలాగే రాసుకోండి."

షీల్డు బల్ల మీద పెట్టేసి దిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ నవ్వనూ లేదు.

ఆటోలో పార్వతమ్మ కోడలివైపు తిరిగింది. "ఓడిపోనానని మైకులో చెప్పాలేటే?"

"చెప్పాలి అత్తా. లేకపోతే పోటీలో ఉన్నానని వాళ్ళకెలా తెలుస్తాది?"

ఆవిడ కొంగుతో కోడలి తడి జుట్టు తుడిచింది. "సరేగానీ, వచ్చే ఏడు ఏటి కడదాం?"

"ఆరంగ్ అవతల మహానది వంతెన."

"అంత పొడుగుదే!" అని పార్వతమ్మ చేతులు రెండూ బారజాపి చూసుకుంది. "పద, ఇంట్లో చోటు చూద్దాం."