తెల్ల దుప్పట్ల బొమ్మ

మేలే వేసిన పువ్వుల బొమ్మలంటే ఆక్లాండ్‌లో ఎగబడి కొనేవాళ్లు. పోయినేడు ప్రదర్శన తలుపు తీయకముందే అన్నీ అమ్ముడుపోయాయి. అందుకే హెస్టర్ కొత్త బొమ్మలు చూడ్డానికి వస్తోందంటే మేలే నిశ్చింతగా ఉంది. ఊరి దక్షిణాన ఓటహుహు అనే పేటలో టైర్ల కొట్టు వెనకున్న రేకుల షెడ్డే ఆమె స్టూడియో. కాన్వాసులన్నీ గోడలకి ఆనించి, టీ పెట్టింది.

హెస్టర్‌ది కె రోడ్డులో చిన్న గ్యాలరీ. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. మేలే సూపర్‌మార్కెట్లో పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడు అట్టపెట్టెల మీద రంగులేసుకునే కాలంలో వెతుక్కుంటూ వచ్చి మొదటి ప్రదర్శన పెట్టించింది ఆవిడే. బొమ్మ నచ్చితే దాని ముందు అలా నిలబడిపోయేది, టీ చల్లారిపోయినా పట్టేది కాదు. ఆరోజు మాత్రం వేడివేడిగా తాగేసింది.

"బాలేవా?" అంది మేలే.

"బాగున్నాయి. అన్నీ అమ్ముడుపోతాయి."

"మరి మొహం అలా పెట్టావేం?"

"ఇవి నువ్వు పోయినేడే వేశావు మేలే. మళ్లీ ఎందుకు వేశావో అర్థం కావడం లేదు."

మేలేకి ఒళ్లు మండింది. "కొనేవాళ్లకి లేని బాధ అమ్మేదానికొచ్చింది."

హెస్టర్ నొచ్చుకోలేదు. "ఈ పువ్వులు ఎక్కడివి?"

"తెలీనట్టు అడుగుతావేం? అమ్మ ఆదివారం చర్చికి కట్టుకెళ్లే బట్టల మీదవి."

"మిగతా రోజుల్లో మీ అమ్మ ఏం చూసేది?"

"ఏం చూస్తుంది? ఆసుపత్రి లాండ్రీలో తెల్ల దుప్పట్లు..." అంటూనే మేలే ఆగిపోయింది. హెస్టర్ లేచింది. కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

కోపం చల్లారడానికి కొన్నాళ్లు పట్టింది. చల్లారాక మేలే ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద కాన్వాసు తీసింది. తెలుపు లొంగే రంగు కాదు. నీలం కలిస్తే మంచులా, పసుపు కలిస్తే పాత కాగితంలా కనిపించేది. వేసి, గీకేసి, మళ్లీ వేసి, చలికాలమంతా దానికే పోయింది. పువ్వుల బొమ్మలు పెట్టడానికి మనసొప్పలేదు కాబట్టి, ప్రదర్శన దగ్గరపడేసరికి చేతిలో ఉన్నది ఆ ఒక్క బొమ్మే: ఆవిరిలో, తీగల మీద వరసగా వేలాడే దుప్పట్లు.

"వాయిదా వేసెయ్," అంది మేలే ఫోన్లో.

హెస్టర్ వచ్చింది. చాలాసేపు చూసింది. "వాయిదా ఎందుకు? గోడ ఉంది, బొమ్మ ఉంది."

"ఒక్క బొమ్మకి జనాన్ని పిలుస్తావా? నవ్విపోతారు."

"నవ్వితే నన్ను కదా నవ్వేది."

ఆవిడే దగ్గరుండి బొమ్మని గోడకి ఎక్కించింది. మామూలుగా పెట్టే ఎత్తు కన్నా బాగా కిందకి పెట్టింది. మేలే ఎంత వాదించినా జరపలేదు.

ప్రారంభం రోజు సాయంత్రం వచ్చినవాళ్లు మిగతా బొమ్మలు ఏ గదిలో ఉన్నాయో వెతికారు. ఎప్పుడూ కొనే పెద్దమనిషొకాయన "పువ్వులేవి?" అన్నాడు. "లేవు, దీన్ని చూడండి," అంది హెస్టర్. ఆయన గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు. మేలేకి తల కొట్టేసినట్టయింది. హెస్టర్ మాత్రం తలుపు వైపే చూస్తోంది.

అప్పుడొచ్చింది లూపే, మేలే వాళ్లమ్మ. పెద్ద సందర్భాల్లో తమ దీవి వాళ్లు చుట్టుకునే అల్లిక చాప నడుముకి చుట్టుకుని చక్రాల కుర్చీలో కూర్చుంది. వెనక చర్చి ఆడవాళ్లు. కుర్చీ బొమ్మ ముందుకి రాగానే దుప్పట్లు సరిగ్గా ఆమె కళ్లకెదురుగా నిలిచాయి. నిలబడ్డవాళ్లంతా చూడ్డానికి కాస్త వంగాల్సి వస్తోంది. ఆ ఎత్తు ఎందుకో మేలేకి అప్పుడు తెలిసింది.

లూపే చాలాసేపు చూసింది. "దుప్పట్లు సరే. మేమంతా నోరు మూసుకుని పనిచేశామనుకున్నావా? మిషన్ల చప్పుడు మించిపోయేలా పాడేవాళ్లం." తర్వాత హెస్టర్ వైపు తిరిగి, "అమ్మాయీ, నన్ను కాసేపు ఇక్కడే ఉండనీ," అంది.

కుర్చీలోంచే సన్నగా ఒక కీర్తన ఎత్తుకుంది. వెనకవాళ్లు గొంతు కలిపారు. వెళ్లిపోతున్నవాళ్లు గుమ్మంలో ఆగి, మళ్లీ లోపలికొచ్చారు.

ఆ బొమ్మ చాలాకాలం ఎవరూ కొనలేదు. హెస్టర్ దాన్ని గోడ మీంచి దించనూ లేదు. ఈలోగా మేలే రెండోది మొదలుపెట్టింది. ఇందులో దుప్పట్ల మధ్య ఆడవాళ్లు ఉన్నారు, పెద్దగా నోళ్లు తెరుచుకుని.