మెల్లగా వేయవలసిన నీడ

ఆదివారం ఉదయం ఆరున్నరకి అక్కాచెల్లెళ్ళిద్దరూ అభయారణ్యం గేటు దగ్గర బస్సు దిగేవారు. అక్కకి పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో ఉంది. ఈ మధ్య అటు తొంగిచూసేవాళ్ళే లేరు. తొమ్మిదేళ్ళుగా ఆమె సెలవురోజులన్నీ సీతాకోకచిలుకలకే పోయాయి. చెల్లెలు నిరుడే మొదలుపెట్టింది, అదీ అక్క పక్కన పడేసిన పాత కెమెరాతో.

దగ్గర్నించి తీసేవాళ్ళకి మొదటి పాఠం, నీడ మీద పడకూడదు. పడితే సీతాకోకచిలుక లేచిపోతుంది. అక్క మోచేతుల మీద పాకుతూ, ఊపిరి బిగబట్టి జానెడు దూరానికి చేరేసరికి ఆమె తల నీడ ముందే చేరిపోయేది. చెల్లెలికి పుట్టుకతోనే నీడ లేదు. తిన్నగా నడిచి వెళ్ళి, గొంతుక్కూర్చుని తీసేది.

"నీకేమే, నీడ లేనిదానివి," అనేది అక్క, మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ.

"ఏం లాభం? ఎండలో నా వెనక ఒక్కరూ నిలబడరు," అని నవ్వేది చెల్లెలు.

రేంజరు ఇద్దరి ఫొటోలూ చూసేవాడు. అక్కవి చకచకా తిప్పేసి చెల్లెలివాటి దగ్గర ఆగిపోయేవాడు. "అమ్మో, దీని మీసాలు లెక్కపెట్టొచ్చు!" అక్క తన కెమెరా లాక్కుని సంచిలో పెట్టేసేది. ఆ కెమెరాలో ఏ మీట ఎందుకో నేర్పింది తనే మరి.

ఆ ఏడు అక్కడ ఫొటోగ్రాఫరు ఉద్యోగం పడింది. ఒక్కటే ఖాళీ. నీలిరంగు సీతాకోకచిలుక రెక్కలు విప్పగా తీసినవాళ్ళకే ఇస్తామన్నారు. గడువు చివరిరోజు మధ్యాహ్నం మూడింటికి వాగు పక్క తడిమట్టి మీద అది వాలింది. ముందు చూసింది చెల్లెలే.

"అక్కా, ఎండకి ఫొటోలో రెక్కలు తెల్లగా వచ్చేస్తున్నాయే. కాస్త నీ నీడ వెయ్యవూ? మెల్లగా."

మెల్లగా వేస్తే చిలుక మబ్బనుకుంటుంది. ఒక్కసారిగా వేస్తే పిట్టనుకుంటుంది. ఇది నేర్పిందీ అక్కే. ఆమె గబుక్కున ఓ పెద్ద అంగ వేసింది.

చిలుక లేచిపోయింది. నీడ మాత్రం వెనక్కి రాలేదు. చెల్లెలి మడమలకి అతుక్కుని, ఆమె లేస్తే తనూ లేచింది. చిలుక ఒక చుట్టు తిరిగి పొద చాటున వాలింది. అక్క తిన్నగా నడిచి వెళ్ళింది. అది కదల్లేదు. రెక్కలు విప్పింది. పన్నెండు ఫొటోలు.

"ఇన్నాళ్ళకి పెద్దమ్మాయి కొట్టింది దెబ్బ! రేపట్నించి వచ్చెయ్యండి," అన్నాడు రేంజరు.

బయటికొచ్చాక చెల్లెలు మెడలోంచి కెమెరా తీసి అక్క సంచిలో పెట్టింది.

"నీకేమక్కా," అంది, "నీడ లేనిదానివి."

ఈసారి నవ్వలేదు. నా నీడ నేను తిరిగి తీసేసుకుంటాలే అందామనుకుంది అక్క. సంచి మూత బిగించి భుజాన వేసుకుంది.

బస్టాపు అరమైలు. దారిలో చెట్టన్నది లేదు. ఎండ ఎదురుగా కొడుతోంది. కొంతదూరం పక్కపక్కనే నడిచారు. తర్వాత అక్క ఒకడుగు వెనక్కి తగ్గి, చెల్లెలి వెనకాల, తన నీడలోనే నడిచింది.