పంతొమ్మిది నెలలు వెనక్కి

తప్పు చెల్లెలిదే. ఒక్క ఎంటర్ నొక్కింది. ల్యాప్‌టాప్ తనంతట తాను కొత్త వెర్షన్ వేసుకుని, గంటసేపు మూలిగి, మళ్లీ లేచేసరికి ఆమె బతుకుదెరువు మూగబోయింది.

ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై ఏళ్లుగా ఆడియో పుస్తకాలు ఎడిట్ చేస్తోంది. చదివేవాళ్లు తడబడిన మాటలు, దగ్గులు, కుర్చీ కిర్రుమన్న చోట్లు కత్తిరించి, అతుకు తెలియకుండా కలపడం పని. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి చెప్పే ప్రోగ్రాము ఒకటి ఆమెకి కళ్లు. ఎత్తుపల్లాలు లేని ఆ గొంతుకి ఇంట్లో పెట్టుకున్న పేరు మేష్టారు. మేష్టారు మాట్లాడుతుంటే రికార్డింగు వినబడదు కనుక కోతలు వేసేటప్పుడు ఆయన నోరు మూయించేది. దగ్గు వినబడగానే ఎంటర్ కొడితే అక్కడ గుర్తు పడుతుంది. ఆవేళ చదువుతున్నది ఒక రిటైరైన బ్యాంకు ఆఫీసరు, పేరాకి మూడుసార్లు దగ్గుతాడు. మేష్టారు నోరు మూసుకుని ఉన్న సమయం చూసి తెర మీదికి ఒక పెట్టె వచ్చింది, ఇప్పుడే అప్‌డేట్ చేయమంటారా అని. బ్యాంకు ఆఫీసరు దగ్గాడు. ఆమె ఎంటర్ కొట్టింది.

అక్క పక్కనే కూర్చుని ఉంది. పెట్టె రావడం చూసింది. ఆగవే అని అరవాలనుకుంది. అరవడానికి గొంతు లేదు. ఏడు నెలల కిందట గడ్డతో పాటు స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద రూపాయి బిళ్లంత రంధ్రం, ఊపిరి దాంట్లోంచే. బల్ల చరిచింది. చెల్లెలి చెవులకి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. లేచి భుజం పట్టుకునేలోపే అయిపోయింది.

కొత్త వెర్షన్‌లో మేష్టారు అన్నీ చదివాడు, ఎడిటింగ్ ప్రోగ్రాము తప్ప. అది తెరిస్తే "బటన్, బటన్, బటన్" అనేవాడు. ఏ బటనో, దేనికో చెప్పడు. మూడు రోజులు ఆమె అన్ని కీలూ నొక్కి చూసింది. నాలుగో రోజు కీబోర్డుని దూరంగా నెట్టి, కాళ్లు చాపుకుని కూర్చుంది.

అక్క కీబోర్డుని తన వైపు లాక్కుంది. వాళ్లిద్దరి మాటలూ ఈమధ్య అలాగే. అక్క టైపు చేస్తే మేష్టారు చదువుతాడు.

"నాకు గొంతుంటే ఇది జరిగేది కాదు," అన్నాడు మేష్టారు.

"ఉంటే రోజంతా నన్ను తిడుతూ ఉండేదానివి. పని ఎలాగూ సాగేది కాదు."

"తిట్లు ఇప్పుడూ తిట్టగలను. వెధవా అని కొట్టాను, విను. దీని నోట్లో వెధవ కూడా వాతావరణ వార్తలా ఉంది."

చెల్లెలు నవ్వింది గానీ ఎక్కువసేపు నవ్వలేదు. రెండు వందలకి పైగా పుస్తకాలు చదివిన గొంతు అక్కది. చౌకబట్టల దుకాణంలో అక్క ధర అడిగితే పక్కనున్న చూపులేని ముసలాయన చటుక్కున తిరిగి, "అమ్మా, ఆ సముద్రం పుస్తకం చదివింది మీరే కదూ?" అన్న రోజులున్నాయి. ఏ కాగితం చేతికొచ్చినా పైకి చదవడం అక్కకి చిన్నప్పటి నుంచీ అలవాటు. బిల్లులు, మందుచీటీలు, సబ్బు మీది రేపరు, చెల్లెలి కోసం అన్నీ. ఇప్పుడు కాగితాలు బల్ల మీద ఊరికే పడి ఉంటున్నాయి.

ల్యాప్‌టాపులు బాగుచేసే ఆవిడని వీధిలో అందరూ స్క్రూడ్రైవరు అనేవాళ్లు. పేరు ఎవరికీ తెలీదు. వచ్చి, రెండు నిమిషాలు చూసి తేల్చేసింది.

"ఇక్కడ చేసేదేం లేదమ్మా. పాత వెర్షన్‌కి దింపాలి. నా దగ్గరున్నది పంతొమ్మిది నెలల నాటిది. దాంట్లో మీ మేష్టారు బాగానే మాట్లాడతాడు. గది ఖాళీ చేసుకోండి, గురువారం వస్తా."

గది ఖాళీ చేయడం ఎందుకో అందరికీ తెలుసు. మెషీన్‌ని పాత వెర్షన్‌కి దింపితే, ఛార్జరు వైరు పొడవున చుట్టూ ఏముంటే అదీ దానితో పాటు అన్ని నెలలూ వెనక్కి పోతుంది. ఒక మెషీన్‌కి ఒక్కసారే. అందుకని కొత్తగా కొన్నవి బయట పెట్టుకుంటారు, అరిగిపోయినవి లోపల పెట్టుకుంటారు. స్క్రూడ్రైవరు దుకాణం గోడకి బోర్డు కూడా ఉంది: పిల్లల్ని గదిలో ఉంచకండి. పక్క వీధిలో ఒకావిడ ఉయ్యాల సంగతి మర్చిపోయింది. తర్వాత ఉయ్యాల కూడా లేదు, అప్పటికింకా కొనలేదు కనుక. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు జనం మాటలు ఆపి నడుస్తారు.

మనుషులూ కూర్చునేవాళ్లు, లేకపోలేదు. ఒళ్లు వెనక్కి పోతుంది, జ్ఞాపకాలూ పోతాయి. రోగం మాత్రం మొదట్లోకి వెళ్లి అక్కడ కాచుకుని ఉంటుంది.

ఆ సాయంత్రం అక్క చాలాసేపు టైపు చేసింది. మేష్టారు తాపీగా చదివాడు.

"పంతొమ్మిది నెలల కిందట నాకు గొంతుంది. నేను కూర్చుంటాను."

"గడ్డ కూడా ఉంది," అంది చెల్లెలు.

"చిన్నది."

"చిన్నది పెద్దదవదా? నీకేమన్నా పిచ్చా? చావుదప్పి బయటపడ్డావు. మళ్లీ వెళ్లి దాని నోట్లో తల పెడతానంటావా?"

"బయటపడ్డానని ఎవరన్నారు? రోజుకి నాలుగుసార్లు ఈ రంధ్రం కడుక్కుంటున్నాను. బయటికెళ్తే పిల్లలు చూసి అమ్మ చాటుకి పోతున్నారు. అద్దంలో పెదాలు కదిపి చూసుకుంటున్నాను."

"అయినా బతికున్నావు కదా."

కీల చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది.

"సంతకం పెట్టేముందు నన్నడిగావా?"

ఏడు నెలల్లో ఆ మాట రావడం అదే మొదలు. ఆవేళ ఆసుపత్రిలో అక్క స్పృహలో లేదు. ఊపిరి అందక మొహం నల్లబడిందని నర్సు చెప్పింది. డాక్టరు తొందరపెట్టాడు. చెల్లెలు పెట్టింది.

"అడగడానికి నువ్వు లేచి లేవు," అంది.

"అంతకు ముందు రెండు నెలలు లేచే ఉన్నాను. గొంతు తీసేయాల్సి రావచ్చని డాక్టరు నీతో చెప్పాడు, నాతో నువ్వు చెప్పలేదు. నేను ఒద్దంటానని నీకు తెలుసు. అందుకే అడగలేదు."

అదంతా నిజమే.

"ఏమైనా సరే, చచ్చినా ఒప్పుకోను," అంది. "గురువారం నువ్వు మేడమీద టైలరు ఇంట్లో కూర్చుంటావు. అంతే."

"సరే," అన్నాడు మేష్టారు. ఆయన గొంతులో ఏ సరే అయినా ఒకేలా ఉంటుంది.

గురువారం పొద్దున్నే ఇరుగుపొరుగు దిగారు. టైలరు పదును పోయిన కత్తెర తెచ్చాడు. ఎదురింటావిడ తెగిన చెప్పులు, ఊచ విరిగిన గొడుగు, అడుగు మాడిన గిన్నె తెచ్చి బల్ల కింద సర్దింది. వెనకింటి పెద్దాయన దవడ పట్టుకుని వచ్చాడు.

"అమ్మాయీ, ఈ పన్ను పోయిన ఏడే ఊడింది. మొహం ఒక్కటీ లోపల పెట్టి, మిగతా ఒళ్లు బయట ఉంచుకుంటే కుదురుతుందా?"

"కుదురుతుంది బాబాయిగారూ," అంది స్క్రూడ్రైవరు. "పన్ను వస్తుంది, పంతొమ్మిది నెలల్లో నేర్చుకున్నదంతా పోతుంది."

"నేర్చుకున్నదేముందే, టీవీ రిమోటు ఒక్కటే."

"మళ్లీ నేర్పడం నావల్ల కాదు," అని వెనక నుంచి ఆయన భార్య చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

రికార్డింగులన్నీ ఎక్కించిన డ్రైవుని చెల్లెలు వరండాలో తన ఒళ్లో పెట్టుకుంది. అక్క వచ్చి ఆమె తల మీద చెయ్యి వేసింది. మెట్లెక్కుతున్న చప్పుడు వినబడింది. స్క్రూడ్రైవరు ఛార్జరు వైరుని తిన్నగా లాగి కొలిచి, సుద్దతో గీత గీసి, వైరులేని కీబోర్డు పట్టుకుని గడప బయట స్టూలు వేసుకుంది. తెర తలుపు వైపుకి తిప్పి ఉంది.

"అందరూ బయటే ఉన్నారా?" అని అడిగింది చెల్లెలు.

స్క్రూడ్రైవరు స్టూలు ముందుకి జరుపుకుంది. తర్వాత, "నొక్కుతున్నా," అంది.

నలభై నిమిషాలు పట్టింది. గదిలోంచి పాత పేపర్ల వాసన వచ్చింది. ఆగిపోయిన గడియారం మళ్లీ టిక్కుటిక్కుమంది. తర్వాత మేష్టారు లేచి, "స్వాగతం," అన్నాడు. ఆ వెంటనే బల్ల పక్కనుంచి ఇంకో గొంతు వచ్చింది.

"ఏమే, ఈ చెప్పులు ఎవరివే? బల్ల కింద గిన్నెలేమిటి? ఇల్లా, సంతా?"

చెల్లెలి ఒళ్లోంచి డ్రైవు కింద పడింది.

ఆ గొంతు ఏడు నెలలుగా ఆమె రికార్డింగుల్లోనే వింటోంది. రికార్డింగులో గొంతుకి గది ఉండదు, మూతి ఇటు తిప్పడం అటు తిప్పడం ఉండదు. ఇది గదిలో నడుస్తోంది. గుమ్మం దగ్గరికొచ్చింది. మూడడుగుల దూరంలో ఆగింది.

"ఏం అలా అయిపోయావు? చిక్కావేంటి ఇంత?"

"మెట్లెక్కావు కదా నువ్వు," అంది చెల్లెలు, పిచ్చిగా.

"నాలుగు మెట్లెక్కి దిగింది," అంది స్క్రూడ్రైవరు. "చెప్పులు చేత్తో పట్టుకుని. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. తిట్టుకుంటే తిట్టుకోండమ్మా. ఎవరి ఒళ్లు వాళ్లది. ఇదిగో పెద్దమ్మా, మీరే నాకిచ్చారు ఈ కాగితం, మీకే ఇమ్మని."

"నేనా? ఎప్పుడు?" అంటూ అక్క మడత విప్పింది. చేతిలోకి కాగితం వచ్చింది కనుక పైకి చదవడం మొదలెట్టింది. మంచి చదువరి. మొదటి వాక్యం ఎవరిదో ఉత్తరం చదివినట్టు, చక్కగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదివింది.

"నీ గొంతులో గడ్డ ఉంది. ఇవాళ్టికి చిన్నది. ఇంకో పది నెలలకి దానివల్ల బొంగురు మొదలవుతుంది, తర్వాత ఊపిరి అందదు. నాకు గొంతు తీసేశారు. చెల్లి సంతకం పెట్టింది. నేను బతికాను. ఆ బతుకు నాకు నచ్చలేదు. నీకు నచ్చవచ్చు, నాకు తెలీదు. ఈసారి నువ్వు..."

అక్కడ ఆగిపోయింది. మిగిలిన వాక్యం లోపల చదువుకుంది. అక్క ఏదైనా లోపల చదువుకోవడం చెల్లెలు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"ఇది నా చేతిరాతే," అంది చివరికి.

"అవును."

"నిజమేనా?"

కాదనవచ్చు. ఏదో రాసుకున్నావులే, నాటకానికి అనవచ్చు. మాయమాటలు చెప్పి రేపే ఆసుపత్రికి తీసుకెళ్లి కోయించవచ్చు. కిందటిసారి చేసింది దాదాపు అదే. చెల్లెలు గడప మీద కూర్చుని, ఎదురింటావిడ గొడుగు కోసం వచ్చి నిలబడి ఉన్నా లెక్కచేయకుండా, రెండు నెలల దాపరికం నుంచి సంతకం దాకా ఒక్కటీ వదలకుండా చెప్పింది. రోజుకి నాలుగుసార్లు రంధ్రం కడగడం చెప్పింది. ఎదురింటావిడ గొడుగు తీసుకుని చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లారు. అదే డాక్టరు. ఫైలు చూసుకుని, అక్క మెడ చూసి, "ఓహో, కూర్చున్నారా," అన్నాడు. పరీక్షలయ్యాక ఈసారి అక్కతోనే మాట్లాడాడు. గడ్డ బఠాణీ గింజంత ఉంది, చెడ్డచోట ఉంది. కోస్తే ప్రాణానికి చాలావరకు ఢోకా లేదు, గొంతు పోతుంది. రేడియేషన్ కరెంటు పెట్టిస్తే గొంతుంటుంది, గడ్డ మళ్లీ రావచ్చు. వస్తే ఈసారి తొందరగా పెరుగుతుంది.

"కరెంటే పెట్టండి," అంది అక్క.

చెల్లెలు అక్క సంచీ అందుకుని లేచింది.

బస్సులో అక్క అడిగింది. "మళ్లీ వచ్చి, నేను చెప్పలేని స్థితిలో పడిపోతే, సంతకం కాగితం నీ దగ్గరికే తెస్తారు. ఏం చేస్తావు?"

"ఇప్పుడెందుకే ఆ గొడవ?"

"ఇప్పుడు నాకు నోరుంది కనుక."

చెల్లెలు మూడు రోజులు సమాధానం చెప్పలేదు. మూడు రోజులూ పని చేసింది. మేష్టారు ప్రతి బటన్‌కీ పేరు చెబుతున్నాడు. బ్యాంకు ఆఫీసరు దగ్గులన్నీ తీసేసింది. పక్కగదిలో అక్క కొత్త పుస్తకం గొంతెత్తి చదువుకుంటోంది, రికార్డింగుకి ముందు ఒకసారి చూసుకోవడానికి. నాలుగో రోజు చెల్లెలు తలుపు దగ్గరికి వెళ్లి, "సంతకం పెట్టను," అంది. అక్క "ఊఁ" అని, ఆపిన చోటు నుంచి చదువుకుంది.

పదమూడు నెలల్లో అక్క పద్దెనిమిది పుస్తకాలు చదివింది. పదకొండో నెలలో బొంగురు వచ్చింది. పద్దెనిమిదో పుస్తకంలో కొన్ని వాక్యాలు రెండు ఊపిర్లలో చదివింది. చెల్లెలు వాటిని కలిపింది.

ఒక ఉదయం పది గంటలకి, టీ గ్లాసు చేతిలో ఉండగానే అక్క పడిపోయింది. ఆసుపత్రిలో ఫారం తెచ్చారు. ముందు నర్సు అడిగింది. తర్వాత డాక్టరు వచ్చి, ఫైలులో అక్క ఒద్దని రాసిచ్చిన కాగితం చదివి, అయినా దగ్గర బంధువు ఒప్పుకుంటే ఇప్పటికీ కోసి ఊపిరి నిలబెట్టవచ్చని, సాయంత్రం దాకా టైముందని చెప్పాడు. గోడ అవతల అక్క ఊపిరి లాగుతున్న చప్పుడు వినబడుతోంది. ఎంతసేపటికోసారి లాగుతోందో చెల్లెలి చెవులకి తెలుస్తూనే ఉంది.

"తను ఒద్దంది," అంది.

డ్యూటీ మారాక ఇంకో డాక్టరు వచ్చి అడిగాడు. సాయంత్రం లోపల నలుగురు అడిగారు. నలుగురికీ అదే చెప్పింది.