అరటినార మిషను

పులివెందుల దగ్గరి ఆ ఊళ్లో గెలలు కోశాక అరటి బోదెలను అందరూ గట్టున పారేసేవారు. హేమలత మాత్రం వాటినుంచి నార తీస్తానని ప్రభుత్వ సబ్సిడీకి అర్జీ పెట్టి, కడపకు మూడుసార్లు తిరిగి, మిషను సాధించింది.

"ఏందిమ్మే, పారేసే చెత్తకు మిషనా?" అని అత్త ఓబులమ్మ గొణుగుతూనే ఉంది.

మిషను దిగిన పొద్దున వీధంతా చూడటానికి వచ్చింది. హేమలత స్విచ్చి వేసి, బోదె నుంచి ఒలిచిన పట్టను లోపలికి తోసి వెనక్కి లాగింది. గుజ్జంతా రాలిపోయి తెల్లటి నార పట్టుకుచ్చులా చేతికొచ్చింది.

ఓబులమ్మ ఆ నారను అందుకుని, తనకు తెలియకుండానే మూడు పాయలు తీసి జడ అల్లసాగింది.

"శానా గట్టిగుంది. ప్రొద్దుటూరులో సంచులు కుట్టేటోళ్లు కొంటారంట గదా?" అంది. "ఇంకో మిషనుకు అర్జీ పెట్టు. ఈసారి నా పేరు రాయి."