ఊపు నీళ్ళదా, నాదా

కప్పులో కాఫీ ఊగుతోంది.

నీళ్ళు ఊగుతున్నాయి, అందుకే ఇల్లు ఊగుతోంది. ఇల్లు ఊగుతోంది, అందుకే కాఫీ. మరాకైబో సరస్సులో గుంజల మీద నిలబెట్టిన ఇల్లు మాది. ఇక్కడ ఏదీ నిలకడగా ఉండదు.

ఇక్కడ కాఫీ ఒలికినా ఎవరూ నా చేతి వంక చూడరు...

అమ్మకూ మొదట కాఫీయే ఒలికింది. తరువాత చేపలు కోసే కత్తి జారింది. తరువాత కాళ్ళు. చివరికి మాట. చుక్క ముట్టని మనిషిని పట్టుకుని ఒడ్డు మీదివాళ్ళు తాగుబోతు అన్నారు. ఆ ఒడ్డంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

తల్లి నుంచి బిడ్డకు దిగే జబ్బట, రక్తంలో ఒక మాటలా రాసి ఉంటుందట. డాక్టరమ్మ చెప్పింది. అందరికీ కొన్నిసార్లు వచ్చి ఆగుతుందట. మా వాళ్ళకు ఆగదు. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ... ఆ మాటే మెదడును మెల్లగా తినేస్తుందట. తల్లికి ఉంటే బిడ్డకు రావచ్చు, రాకపోవచ్చు. సగానికి సగం.

సగానికి సగం అంటే?

అర్థమైనట్టే ఉంది. అర్థం కాలేదు.

పరీక్ష చేయించుకోమంది. వద్దన్నాను. నాకిప్పుడు ముప్పై నాలుగు. అమ్మకు మొదలైన వయసు.

ఇవాళ నా కూతురు మిలైడి పూజలో మొదటిసారి సత్ప్రసాదం పుచ్చుకునే రోజు. చర్చి ఒడ్డు మీద ఉంది.

నేల మీద.

నేల కదలదు. అక్కడ నేను ఊగితే, తప్పు నీళ్ళ మీదికి నెట్టడానికి లేదు.

పడవ ఆగింది. తమ్ముడు నేరియో చెయ్యి అందించాడు.

"ఏం బాతమ్మా, పొద్దున్నే పట్టించి వచ్చావా?"

"నీ మొహంలా ఉంది. జరుగు."

ఒడ్డు మీదివాళ్ళు అమ్మను అన్న మాటే. మేమిద్దరం దాన్ని హాస్యం చేసుకున్నాం. వాడు నవ్వాడు కానీ, చూపు నా పాదాల మీదే ఉంది. వాడూ ఆ తల్లి బిడ్డే.

పడవ దిగిన ఎవరికైనా నాలుగడుగులు నేల ఊగుతుంది. నీళ్ళ మీద పుట్టినవాళ్ళకు పది.

ఒకటి. రెండు. మూడు...

పది.

పదకొండు. ఇంకా ఊగుతోంది. లెక్క తప్పానా? ఎక్కడ తప్పాను?

చర్చి మెట్ల మీద జనం ఇటే చూస్తున్నారు. వెనక్కి వెళ్ళి పడవలో కూర్చుందామనిపించింది. మిలైడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"అబ్బా, మెల్లగా అమ్మా. గ్లౌజు నలిగిపోతోంది."

పట్టు సడలించాను.

అప్పుడు — మా ఇద్దరి చేతుల మధ్య ఏదో ఎగిరిపడింది. బుట్టలో చేప కొట్టుకున్నట్టు. ఒక్కసారే.

ఆగిపోయాను. మిలైడీ ఆగింది. తెల్ల బూట్లు రెండూ దగ్గరగా పెట్టుకుని, తల ఎత్తి నన్ను చూసింది.

"నువ్వే కదమ్మా కదిపావు?"

ఇన్నాళ్ళూ నాది కాకూడదని మొక్కుకున్నదాన్ని. మరియమ్మ తల్లీ, ఆ కదలిక నాదే కానివ్వు. నాదే కానీ.

"నేనేలేవే," అన్నాను. "పద."

పన్నెండు. పదమూడు...

కప్పులో కాఫీలా, నేల ఊగుతూనే ఉంది.